రెండు వేళ్ల తేడా

జహ్రాలో ఈ ఇంటికొచ్చి నాలుగేండ్లు.
భాష కంటే ముందు
గుండ్రమే అలవాటైంది చేతికి.

రంజాన్ నెల సాయంత్రాలు
నూనెలో వదిలే పిండి ఉండలు.
చెంచా కంటే పిడికిలి నయం.
బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి
పిండి తనకు తానే బయటికొచ్చి
పక్కకి తిరిగి తేలుతుంది.
సుండుపల్లెలో సంగటి ముద్ద చేసిన చెయ్యి,
ఎవరూ నేర్పాల్సిన పని లేకపోయింది.

ఎండు నిమ్మకాయలకి మాత్రం భయపడ్డాను.
నల్లగా, తేలిగ్గా,
ఊపితే లోపల గలగల.
చచ్చిన కాయని కూరలో వేస్తారా అని
కెండిని అడిగాను, సైగతో.
చాకు మొనతో ఒకదానికి బొక్క పొడిచి
నా ముక్కు దగ్గర పెట్టింది.
అంత పులుపు, అంత ఎండ
ఎట్ల ఇమిడినాయో ఆ గోలీలో!

కెండిది కెన్యా.
మా ఇద్దరి మధ్య వచ్చీరాని అరబ్బీ,
మిగతాదంతా నవ్వు.

పిల్లోడి పేరు బదర్.
అంటే పున్నమి చంద్రుడని
డ్రైవరు జిలాన్ బాషా చెప్పాడు,
రాయచోటి బస్టాండు ఎనక వాళ్ల ఇల్లు.
నిండు చంద్రుడికి ఆరేండ్లు,
ముందర రెండు పళ్లు లేవు.

వాడి బల్ల మీద భూగోళం.
ఇసకగాలి కొట్టిన మర్నాడు
సముద్రాల మీద కూడా దుమ్మే.
తడిగుడ్డ పెట్టి తోస్తే
గిర్రున తిరిగి, ఒక పక్కకి వాలి
ఏదో ఒక దేశం దగ్గర ఆగుతుంది.

"నీ ఇల్లేది రెద్దా?" అన్నాడొకసారి.
రెడ్డెమ్మ వాడి నోట అంతే పడుతుంది.
వేలు పెట్టాను.
వేలి కింద మా ఊరు, మండలం, జిల్లా,
పక్క జిల్లాలు, రొంత సముద్రం కూడా.
అక్కణ్ణుంచి కువైటుకి
నాలుగు వేళ్లు అడ్డం పెట్టి కొలిచాను.
బెత్తెడు.
ఈ బెత్తెడుకా
ఏజెంటుకి అరవై వేలు పోసింది!

ఒక శుక్రవారం వాడి చేతిలోంచి జారింది.
పగల్లేదు.
నడుం దగ్గర విడిపోయి
కొబ్బరిచిప్పల మాదిరి రెండై పడింది.
లోపల ఏమీ లేదు.
ఏదో ఉంటుందని ఎందుకనుకున్నానో,
నల్లనిమ్మకాయలో ఉన్నన్ని గింజలైనా.
తెల్లటి ప్లాస్టిక్కు మీద
ఎవరో పెన్సిలుతో రాసిన 47.

వాడి కళ్లల్లో నీళ్లు.
మేడమ్ పక్కగదిలో ఫోను మాట్లాడుతోంది.
జిలాన్ బాషా బకాలాకి పోయి జిగురు తెచ్చాడు,
డబ్బులడిగితే చెయ్యి ఊపేశాడు.
రాత్రి పదకొండుకి వంటగదిలో
పై చిప్ప నేను పట్టుకున్నాను,
కింది చిప్ప కెండి.
ఏ గీత ఏ గీతకి ఆనాలో చూసుకునేదాకా
జిగురు ఆగుతుందా?
అంటుకుంది.
రెండు వేళ్లు పక్కకి.

పొద్దున చూస్తే
మా వైపంతా బాగానే ఉంది.
ఇండియా నడుం పైనే కదా,
బెత్తెడు బెత్తెడుగానే ఉంది.
కెండి దేశమే రెండైంది.
పైసగం ఉన్నచోటే,
కిందిసగం జరిగి సముద్రంలోకి.

వాళ్లమ్మ ఉండేది గీతకి పైన, మేరులో.
కూతురు చదివేది గీతకి కింద, నైరోబీలో.
నేను నోరు తెరిచేలోపల
పిండి చేతులు ఆడిస్తూ తనే అంది:
"అమ్మ దగ్గర్నుంచి బిడ్డ దగ్గరికి
బస్సు లేదింక.
పడవెక్కాలి."
నవ్వింది.
నవ్వాలో లేదో తెలీక నేనూ నవ్వాను.

బదర్ కనిపెట్టలేదు.
కనిపెట్టి ఊరుకున్నాడో ఏమో,
చంద్రుడికి పైనుంచి అన్నీ కనపడతాయి.

ఇప్పుడు తుడిచేటప్పుడల్లా
గుడ్డ ఆ అతుకు దగ్గర తగులుకుంటుంది.
మొన్నొక నూలుపోగు అక్కడే ఉండిపోయింది,
పై కెన్యా నుంచి కింది కెన్యాకి
దండెం కట్టినట్టు.
తీసెయ్యలేదు నేను.

కెండి చూసింది దాన్ని.
ఏమీ అనలేదు.
వంటగదిలోకి పోయి, డబ్బా మూత తీసి
ఒక నల్లనిమ్మకాయ
చెవి దగ్గర పెట్టుకుని ఊపింది.